న్‌దెసు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు జపనీస్ భాషా పరీక్ష జెఎల్‌పీటీలో ఎన్4 స్థాయికి చదువుతున్నారు. వాక్యం చివర వచ్చే "న్‌దెసు"ని వివరణ ఇచ్చేటప్పుడు వాడాలని పుస్తకంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ప్రతి వాక్యానికీ తగిలిస్తే మీ టీచరు "మరీ ఎక్కువైంది" అంటున్నారు, పూర్తిగా తీసేస్తే "రోబో మాట్లాడినట్టుంది" అంటున్నారు. ఇది మర్యాద కోసమా, ఇంకెందుకైనానా, వచ్చే నెల ఉద్యోగ ఇంటర్వ్యూలో వాడొచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇది మర్యాద కోసం కాదు. మీ ఇద్దరి ముందూ అప్పటికే ఏదో ఒక విషయం ఉండి, మీ వాక్యం దానికి ముడిపడుతుంటేనే న్‌దెసు. ఆ విషయం అవతలివాళ్లు అడిగిన ప్రశ్న కావచ్చు, మీ ముఖంలో నీరసం కావచ్చు, బల్ల మీదున్న స్వీట్ల డబ్బా కావచ్చు, మీరు పది నిమిషాలు ఆలస్యంగా రావడం కావచ్చు. అలాంటిదేమీ లేకుండా ఉన్న సంగతి చెప్పేటప్పుడు మామూలు మర్యాద ముగింపులు "మసు" (క్రియలకి), "దెసు" (మిగతావాటికి) సరిపోతాయి.

నేను ఒసాకాలో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో శని, ఆదివారాలు జపనీస్ చెబుతున్నాను. ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. రాకుండా ఎలా ఉంటుంది? మనవాళ్లలో చాలామంది చదివే మిన్నా నో నిహోంగో పుస్తకంలో ఇది 26వ పాఠం, అంటే రెండో భాగంలో మొట్టమొదటి పాఠం. అప్పటికి 25 పాఠాలుగా "మసు, దెసు" నోటికి పట్టేసి ఉంటుంది. గెంకి అనే పుస్తకం చదివినవాళ్లకి 12వ పాఠంలో వస్తుంది. ఎటు చూసినా ఆలస్యమే. జపాన్‌లో దిగిన రోజు నుంచీ మాత్రం ప్రతి రెండో వాక్యంలోనూ వినిపిస్తుంది.

ముందు మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు. "దెసు" అంటే మన "అండీ" అని మొదటి వారంలోనే మనసులో ముద్ర పడిపోతుంది. అది పూర్తిగా తప్పేమీ కాదు, మొదట్లో పనికొస్తుంది కూడా. కానీ ఆ లెక్కన "న్‌దెసు" కనిపించగానే ఇదేదో ఇంకాస్త గట్టి "అండీ" కాబోలు అనుకుంటాం. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు భయంకొద్దీ ఎక్కువగా వాడేస్తాం. నిజానికి అందులో మర్యాద భాగం "దెసు" వరకే. ముందున్న "న్" వేరే ముక్క. "నో" అనే మాట అరిగి అలా అయింది. ముడి వేసేది ఆ "న్". స్నేహితులతో మాట్లాడేటప్పుడు మర్యాద తీసేసినా ముడి పోదు. "న్‌దా" అనో, ఉత్త "నో" అనో మిగులుతుంది.

నా విద్యార్థులకి మూడు తెలుగు మాటలు ఇస్తాను. అడిగేటప్పుడు "ఏంటి,". చెప్పేటప్పుడు "ఏంటంటే". తెలిసొచ్చినప్పుడు "అన్నమాట". మీ తెలుగు వాక్యంలో ఈ మూడింట్లో ఒకటి సహజంగా ఇమిడితే, జపనీస్‌లో న్‌దెసు పెట్టొచ్చు. ఇమడకపోతే వద్దు. నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రం కాదు గానీ, పుస్తకంలోని "వివరణ" కంటే నయం.

అడగడం సంగతి చూద్దాం. ఆఫీసులో ఆరింటికి పక్క సీటాయన బ్యాగు సర్దుతున్నాడు. "కయెరిమసు క?" అంటే "వెళ్తారా?" అని, ఏ ఆధారమూ లేకుండా అడిగినట్టు. "కయెరున్‌దెసు క?" అంటే "ఏంటి, వెళ్తున్నారా?" అని. బ్యాగు సర్దడం మీరు చూశారు, ప్రశ్న దాన్ని పట్టుకుని వచ్చింది. అలాగే చేతికి కట్టుతో ఆఫీసుకెళ్తే కొలీగ్ అడిగేది "దో షితన్‌దెసు క?" ఏంటి, ఏమైంది అని. అదే చేత్తో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు సాధారణంగా "దో షిమషిత క?" అనో, ఇంకాస్త మర్యాదగా "దో సరెమషిత క?" అనో మొదలుపెడతారు. ఆయన వచ్చిన ప్రతి రోగినీ అలాగే అడుగుతారు. మీ కట్టు చూసి ఉలిక్కిపడటం లేదు.

"దోషితె", అంటే "ఎందుకు" ఉన్న ప్రశ్నలకి న్‌దెసు దాదాపు తప్పనిసరి అనుకోండి. "ఎందుకు వచ్చావు" అని అడుగుతున్నామంటే వచ్చిన సంగతి ఇద్దరికీ తెలిసినట్టే కదా. "దోషితె నిహొన్ ని కితన్‌దెసు క?" (జపాన్‌కి ఎందుకు వచ్చారు) అంటే మామూలు కబుర్ల ధోరణి. "దోషితె నిహొన్ ని కిమషిత క?" అంటే తప్పు కాదు గానీ, ఎయిర్‌పోర్టులో ఫారం నింపిస్తున్నట్టు ఉంటుంది.

ఇక చెప్పడం. ఎక్కువ తప్పులు ఇక్కడే. కట్టు చూసి "దో షితన్‌దెసు క?" అని అడిగినవాళ్లకి "కైదన్ కర ఒచితన్‌దెసు" అంటారు. "ఏంటంటే, మెట్ల మీంచి పడ్డాను" అని. ఎదురుగా కట్టు ఉంది, మీ వాక్యం దాని వెనక కథ. స్నేహితుల్ని కలవడానికి ఆలస్యంగా వెళ్లి "సుమిమసెన్, దెన్ష గ తొమత్తన్‌దెసు" అంటే రైలు ఆగిపోవడమే మీ ఆలస్యానికి కారణమని అర్థమవుతుంది. "దెన్ష గ తొమరిమషిత" అంటే రైలు వార్తలు చదివినట్టు ఉంటుంది. ఆగితే ఆగింది, అయితే నాకేంటి అనిపిస్తుంది వినేవాళ్లకి.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇదే వాక్యం మేనేజరుతో అనకండి. అక్కడ న్‌దెసు సాకు చెప్పినట్టు వినబడుతుంది. "దెన్ష గ ఒకురెతె షిమైమషితె..." (రైలు ఆలస్యమైపోయి...) అని సాగదీసి వదిలేసి తల వంచడం మేలు.

అడగకుండా పెట్టాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఒకసారి మా అమ్మ పంపిన సున్నుండలు పక్కింటి పెద్దావిడకి ఇస్తూ "హహ గ త్సుకుత్తన్‌దెసు" అన్నాను. మా అమ్మ చేసిందండీ అని. ఆవిడ నన్నేమీ అడగలేదు. కానీ డబ్బా ఆవిడ చేతిలో ఉంది, చూపు దాని మీదే ఉంది. అదే అడిగినట్టు. "త్సుకురిమషిత" అంటే ఒలికిపోయేదేమీ లేదు గానీ, న్‌దెసుతో చెప్పినప్పుడు "ఇందులో ఒక సంగతుంది, మీతో పంచుకుంటున్నాను" అనే చనువు వస్తుంది. ఆవిడ వెంటనే "సో నన్?" (అవునా?) అంది. ఒసాకా వాళ్ల "సోనన్‌దెసు క" అది.

ఇప్పుడు నేను దెబ్బతిన్న కథ. చేరిన కొత్తలో మా టీమ్ లీడరు "షిర్యో, ఒకురిమషిత క?" అని అడిగారు. ఫైళ్లు పంపావా అని. నేను మంచి జపనీస్ మాట్లాడుతున్నాననుకుంటూ "కినో ఒకుత్తన్‌దెసు" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి "ఆ, సోదెసు క" (ఓ, అలాగా) అని వెళ్లిపోయారు. పక్కనున్న సీనియరు తర్వాత మెల్లగా చెప్పారు, నేనన్నది "నిన్ననే పంపాను కదండీ, మళ్లీ అడుగుతారేంటి" అన్నట్టు ఉందని. ఆయన అడిగింది పంపావా లేదా అని మాత్రమే. వెనక కథ అడగలేదు. "కినో ఒకురిమషిత" అని ఉంటే సరిపోయేది. అడగని సంజాయిషీ ఇస్తే ఎదురు తిరిగినట్టు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

దీన్నుంచి ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రశ్నలో న్‌దెసు ఉందని జవాబులోనూ ఉండాలని లేదు. మీ జపనీస్ విని ఎవరైనా "దొకొ దె బెన్క్యో షితన్‌దెసు క?" అంటారు. ఎక్కడ నేర్చుకున్నారేంటి అని. మీ భాష విన్నారు కాబట్టి ప్రశ్న ముడిపడి వచ్చింది. మీ జవాబు మాత్రం ఉత్త సమాచారం, "హైదెరబాదొ దె బెన్క్యో షిమషిత" చాలు. వాళ్లు అడిగిన తీరునే తిప్పి అప్పజెప్పడం మన బడి అలవాటు. కారణం అడిగినప్పుడు మాత్రం జవాబులో న్‌దెసు చక్కగా కుదురుతుంది.

అతిగా వాడితే ఎలా ఉంటుందో మీకు వినిపించాలంటే మనకి తెలుగులోనే ఉదాహరణ ఉంది. ప్రతి వాక్యానికీ "అన్నమాట" తగిలించే లెక్చరరు అందరికీ ఒక్కరైనా తగిలే ఉంటారు. "ఇది కెపాసిటర్ అన్నమాట, ఇందులో ఛార్జ్ ఉంటుందన్నమాట, ఇలా కనెక్ట్ చేస్తామన్నమాట." మొదటి "అన్నమాట" ఏదో విప్పి చెబుతున్నట్టు ఉంటుంది, పదోది వచ్చేసరికి వెనక బెంచీలో లెక్కపెట్టడం మొదలవుతుంది. ప్రతి వాక్యానికీ న్‌దెసు పెట్టే విదేశీయుడు జపాన్ వాళ్లకి అచ్చం అలాగే వినిపిస్తాడు. పైగా ఏదో సమర్థించుకుంటున్నట్టు కూడా.

మూడోది, తెలిసొచ్చినప్పుడు. ఇది తేలిక, సరదాగా కూడా ఉంటుంది. కర్టెన్ తీసి చూస్తే రోడ్డంతా తడిగా ఉంది. "ఆ, అమె గ ఫుత్తతన్‌దా." ఓహో, వాన పడిందన్నమాట. ఇది మీతో మీరు అనుకునేది కాబట్టి "న్‌దా" చాలు, పక్కన మేనేజరున్నా ఫరవాలేదు. ఎవరైనా కొత్త విషయం చెప్పినప్పుడు మనం ఊకొట్టేదీ ఈ కోవలోదే. "సోదెసు క" అని దించి అంటే "అలాగా" అని పొడిగా ఉండొచ్చు. "సోనన్‌దెసు క!" అంటే "అవునా, అదా సంగతి!" మీకు ఆసక్తి ఉన్నట్టు తెలుస్తుంది. దీన్ని మాత్రం ధైర్యంగా వాడండి. అయితే ప్రతి మాటకీ అదే అంటే చిలక పలుకులా ఉంటుంది, మధ్యమధ్య "హై" (ఊఁ), "ఏ" లాంటివి కలపండి.

పుస్తకాలు తక్కువగా చెప్పేది, జపాన్‌లో రోజూ పనికొచ్చేది ఇంకోటుంది. "న్‌దెసు గ", "న్‌దెసు కెదొ". అసలు సంగతికి ముందు రంగం సిద్ధం చేయడానికి. "ఒనెగై గ అరున్‌దెసు గ..." చిన్న సాయం కావాలండీ, అని ఆగడం. "నిషికసై ని ఇకితైన్‌దెసు కెదొ..." నిషికసాయి వెళ్లాలండీ, అని ఆగడం. నిషికసాయి తోక్యోలో మన భారతీయులు ఎక్కువగా ఉండే చోటు, ఈ వాక్యం మీకు ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది. "ఎలా వెళ్లాలో చెప్పండి" అని మిగతా సగం అనక్కర్లేదు. స్టేషన్ ఉద్యోగి అందుకుంటాడు. మన దగ్గరా అంతే కదా, "చిన్న పనుండి వచ్చానండీ..." అని గుమ్మంలో నిలబడితే "చెప్పు బాబూ" అంటారు. ఆ సాగతీత మన ఒంట్లో ఉన్నదే. "ఇకితై దెసు" అని తుంచేస్తే మీ కోరిక ప్రకటించినట్టు అవుతుంది.

కాదనడానికీ ఇదే పనికొస్తుంది. సాయంత్రం నోమికైకి, అంటే ఆఫీసు వాళ్ల తాగే పార్టీకి పిలిస్తే "ఇకిమసెన్" అనడం మొహం మీద తలుపేసినట్టు. "సుమిమసెన్, అషిత హయైన్‌దెసు" అంటే రేపు పొద్దున్నే పనుందండీ అని. రానని మీరు అననే లేదు, వాళ్లకి అర్థమైపోయింది.

ఇప్పుడు జాగ్రత్తలు. ప్రశ్నలో న్‌దెసు వాడితే అవతలివాళ్ల మనసులోకి తొంగి చూసినట్టు అవుతుంది. అందుకే పెద్దవాళ్లని "కోహీ గ నొమితైన్‌దెసు క?" అనకూడదు. "ఏంటి, కాఫీ తాగాలనుందా?" అని బాస్‌ని అడిగితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. "కోహీ వ ఇకగ దెసు క" అనండి. ఇంకోటి, "నాన్‌దె ఒకురెతన్‌దెసు క?" ఎందుకు ఆలస్యమైంది అని. ఫ్రెండుని అడగొచ్చు. మీటింగులో క్లయింటునో, వేరే టీమునో అడిగితే నిలదీసినట్టే. "గెన్‌ఇన్ ఒ ఒషియెతె ఇతదకెమసు క", కారణం చెప్తారా అని తిప్పి అడగాలి.

వ్యాకరణం ఇష్టపడేవాళ్ల కోసం ఒకటి, నాకు బాగా నచ్చేది. ఉద్యోగం మానేసి ఇండియా వచ్చేస్తున్నప్పుడు అందరూ "ఏం, జపాన్ నచ్చలేదా" అన్నారు. నేను చెప్పాల్సింది "జపాన్ నచ్చక వెళ్తున్నది కాదండీ" అని. "కిరై ద కర కయెరిమసెన్" అంటే అర్థం తిరగబడుతుంది, "నచ్చలేదు కాబట్టి వెళ్లను" అని! సరైనది "నిహొన్ గ కిరై ద కర కయెరున్‌జ నైన్‌దెసు". వెళ్లడం నిజమే, కాదంటున్నది కారణాన్ని మాత్రమే. మన "వెళ్తున్నది కాదు"లో ఆ "ది" చూశారా? వాక్యాన్నంతా ఒక మూటగా కట్టి, ఆ మూటని "కాదు" అంటోంది. జపనీస్ "నో" చేసే పనీ అదే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తల బాదుకుంటారు. మనం తెలుగులోంచి నేరుగా వెళ్తే చిటికెలో పని.

అతికించే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి ఎక్కువమంది జారే మూడు చోట్లు మాత్రం చెప్పి వదిలేస్తాను. నామవాచకం ముందుంటే మధ్యలో "న" రావాలి: "గకుసే నన్‌దెసు", "గకుసేన్‌దెసు" కాదు. "గెంకి" (హుషారైన) లాంటి విశేషణాలకీ అంతే. "మసు" రూపానికి అతికించొద్దు, "తబెమసున్‌దెసు" అనేది మన క్లాసుల్లో తప్ప ఎక్కడా వినబడదు. భూతకాలం క్రియలోనే పెట్టాలి: "ఇత్తన్‌దెసు". పొరపాటున "ఇకున్‌దెషిత" అంటే "అయ్యో, వెళ్లి ఉండాల్సింది" అన్నట్టు వేరే అర్థంలోకి పోతుంది.

స్నేహితుల మధ్య ప్రశ్న "నో"తో ముగుస్తుంది. "నాని షితెరు నో?" అంటే ఏం చేస్తున్నావు అని, వేగంగా అంటే "నాని షితెన్నో?" ఆడా మగా అందరూ అంటారు. చెప్పేటప్పుడు మగవాళ్లు "న్‌దా" వైపు మొగ్గుతారు. వాక్యాన్ని "నో" అని దించి ముగిస్తే చిన్నపిల్లల మాటలానో, ఆడవాళ్ల మాటలానో మెత్తగా ఉంటుంది. ఆనిమే చూసి నేర్చుకునే అబ్బాయిలు గమనించండి. ఒసాకా వెళ్తే ఇదంతా "నెన్" అయిపోతుంది. "ఇకు నెన్" అంటే వెళ్తున్నాలే అని, "ఇత్తెన్" అంటే వెళ్లానులే అని. కామెడీ షోల్లో మీరు వినే "నాన్‌దె యా నెన్" (ఏంట్రా అది) చివర ఉన్నదీ ఈ చుట్టమే. ఫుకువోకా నగరంలోని హకతా వైపు వెళ్తే అది "తో" అయి కూర్చుంటుంది, "నాని షియో తో?" అని. నాకు మొదటి నెల రోజులూ ఒసాకాలో ఎవరూ న్‌దెసు వాడటం లేదని అనుమానం వచ్చింది. వాడుతున్నారు, నా చెవికే ఆనలేదు.

మెయిళ్లలో "నోదెసు" అని పూర్తిగా రాస్తారు. అది వాక్యం చివర వస్తే పాఠం చెబుతున్నట్టు ఉంటుంది, తగ్గించండి. "ఒఉకగై షితై నో దెసు గ" (ఒకటి అడగాలనుందండీ) లాంటివి మాత్రం నిక్షేపంగా రాయొచ్చు. పరీక్ష గురించి టెన్షన్ వద్దు, జెఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. వినే భాగంలో మాత్రం ఎవరైనా "న్‌దెసు కెదొ..." అని ఆపేస్తే అక్కడ ఒక కోరిక దాగుందని పట్టుకోండి. జవాబు తరచూ అక్కడే ఉంటుంది.

ఇక మీ ఇంటర్వ్యూ. పరిచయంలో ఒక్క న్‌దెసు కూడా వద్దు. "ఇందొ నో హైదెరబాదొ కర కిమషిత", ఇండియాలోని హైదరాబాద్ నుంచి వచ్చాను, అంతే. "కితన్‌దెసు" అంటే ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పినట్టు. "జపాన్‌లో ఎందుకు పనిచేయాలనుకుంటున్నారు" అని అడిగితే, మాటల మధ్య అయితే న్‌దెసు కుదురుతుంది గానీ ఇంటర్వ్యూలో "...కర దెసు" (...కాబట్టి) అని ముగించడం పద్ధతి. చివర "మీరేమైనా అడుగుతారా" అంటారు చూడండి, అక్కడ వాడండి: "హితొత్సు ఒకికి షితై కొతొ గ అరున్‌దెసు గ, యొరొషీ దెషో క?" ఒక సంగతి అడగాలనుందండీ, అడగొచ్చా అని. వాళ్లు సరే అన్నాక మళ్లీ మామూలుగా వచ్చేయండి. "జంగ్యో వ దొనొ కురై అరిమసు క", ఓవర్‌టైమ్ ఎంత ఉంటుంది అని. అంతే గానీ "జంగ్యో వ ఓయిన్‌దెసు క" అనకండి. "ఏంటి, మీ దగ్గర ఓవర్‌టైమ్ ఎక్కువటగా" అన్నట్టు ఉంటుంది. ఆ మాట మీ చెవిన ఎవరు వేశారా అని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.